ఈ పేషెంట్ ఎవరి పేషెంట్? ఒంటినిండా దెబ్బలతో వచ్చినవాళ్లకు ఆసుపత్రిలో వైద్యం ఏర్పాటు చేసుకునే పద్ధతి

మామిడికాయల సీజన్. రాత్రి పదకొండున్నరకు ఒక కుర్రాడిని తీసుకొచ్చారు. రోడ్డు పక్కన లైట్లు లేకుండా ఆగి ఉన్న తోతాపురి లోడు ట్రాక్టర్‌ను బైకుతో వెనక నుంచి గుద్దాడు. తలకు దెబ్బ, కుడి తొడ ఎముక విరిగింది, ఎడమ డొక్క మీద గీరుకుపోయిన గుర్తు. న్యూరో వాళ్లు వచ్చి తల స్కాన్‌లో భయపడాల్సింది లేదన్నారు. ఎముకల డాక్టరు కాలికి స్ప్లింట్ కట్టించాడు. ఛాతీ ఎక్స్‌రే చూసినవాళ్లు ఎడమవైపు కింది పక్కటెముకలు రెండు విరిగాయని రాశారు. కేస్ షీట్‌లో మూడు చేతిరాతల్లో ఒకటే మాట: "మా విభాగం నుంచి ప్రస్తుతం చేయాల్సింది ఏమీ లేదు." తెల్లవారుజామున నాలుగింటికి బీపీ అందడం లేదని సిస్టర్ పరిగెత్తుకొచ్చింది. పొట్ట నిండా రక్తం. ప్లీహం (స్ప్లీన్) చిట్లి అప్పటిదాకా లోపల్లోపలే కారుతూ ఉంది. కుర్రాడు బతకలేదు.

ఆ మూడో చేతిరాత నాదే. అప్పుడు నేను జూనియర్ సర్జన్‌ని. ఎడమ కింది పక్కటెముకలు విరిగితే వాటి వెనకే ప్లీహం ఉంటుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాడినే.

ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ అనవసరం. అక్కడ డాక్టర్లున్నారు, స్కానుంది, రక్తముంది. ఈ మనిషి నా పేషెంట్ అనుకున్నవాళ్లు మాత్రం లేరు. పదిమందిలో పాము చావదని మనవాళ్లు ఊరికే అనలేదు. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల క్యాజువాలిటీ నడిపే డాక్టర్లు, హెడ్ సిస్టర్లు, సూపరింటెండెంట్ల కోసం ఇది రాస్తున్నాను. వంద పడకలున్నా, ఐదు వందలున్నా పద్ధతి ఒకటే. చేతుల సంఖ్యే మారుతుంది.

1. ముందుగా ఒక ఆర్డరు, ఒక బోర్డు

ఒంట్లో ఒకటికి మించిన భాగాలకు తీవ్రమైన గాయాలై, వాటివల్ల ప్రాణానికే ముప్పు ఉంటే దాన్ని పాలీట్రామా అంటాం. లెక్క కట్టడానికి ఐ.ఎస్.ఎస్. (ఇంజురీ సివియారిటీ స్కోర్) అనే స్కోరుంది. ఎక్కువ దెబ్బతిన్న మూడు భాగాల తీవ్రత అంకెలను వర్గం చేసి కూడతారు. గరిష్ఠం 75. మొత్తం 15 దాటితే తీవ్రమైన గాయాల కింద లెక్క. రికార్డులకు, మన పని మనం బేరీజు వేసుకోవడానికి అది బాగా పనికొస్తుంది. గుమ్మం దగ్గర దానితో పనిలేదు. స్కాన్లన్నీ అయితే తప్ప ఆ లెక్క తేలదు.

గుమ్మం దగ్గర కావాల్సింది ఒక పేరు. ప్రతి డ్యూటీకి ట్రామా లీడర్ ఎవరో క్యాజువాలిటీ గోడ మీద బోర్డులో రాసి ఉండాలి. జనరల్ సర్జన్ కావచ్చు, ఎమర్జెన్సీ డాక్టర్ కావచ్చు. చిన్న ఆసుపత్రిలో అనుభవమున్న డ్యూటీ డాక్టరే కావచ్చు. పెద్ద డిగ్రీ ఉన్నవాళ్లే లీడర్ కావాలన్న పట్టింపు వద్దు. ఆ రాత్రి నిజంగా ఆసుపత్రిలో ఉండేవాళ్లు కావాలి. ఇంటి దగ్గర ఫోన్ పక్కన పెట్టుకుని పడుకున్న ప్రొఫెసర్ లీడర్ కాలేరు.

సూపరింటెండెంట్ సంతకంతో మూడు వాక్యాల ఆర్డరు తీయించండి. మొదటి 24 గంటలు పేషెంట్ ట్రామా లీడర్ పేరు మీదే ఉంటాడు. మిగతా విభాగాల వాళ్లు వచ్చి చూసి, రాసి, లీడర్‌కు నోటితో చెప్పాకే వెళ్లాలి. 24 గంటల తర్వాత ఏ యూనిట్ తీసుకుంటుందో లీడరే తేలుస్తారు, ఆ యూనిట్ వద్దనడానికి వీల్లేదు. ఈ మూడో వాక్యం దగ్గర గొడవవుతుంది. "తలకు దెబ్బుంది కదా, మీరే తీసుకోండి", "కాలు విరిగింది కదా, మీకే ఇస్తాం" అని వార్డుల మధ్య బంతాట ఆడటం మనందరికీ తెలిసిందే. ఆ గొడవేదో పేషెంట్ లేనప్పుడు, మీటింగులో, టీ తాగుతూ పడటం మేలు.

2. ఎవరు ఎక్కడ నిలబడాలి

లీడర్ మంచం కాళ్లవైపు నిలబడాలి, చేతులు కట్టుకుని. సర్జన్లకు ఇది చాలా కష్టం, చేతులు ఊరుకోవు. కానీ లీడర్ వంగి కాన్యులా (నరంలో పెట్టే సూది గొట్టం) పెట్టడం మొదలుపెట్టిన నిమిషంలో గదిలో మొత్తం మనిషిని చూసేవాళ్లు ఉండరు. తలవైపు మత్తు డాక్టర్, ఊపిరి దారి ఆయన బాధ్యత. కుడివైపు పరీక్ష చేసే డాక్టర్. ఎడమవైపు సూదులు, రక్తం శాంపిళ్లు, మందులు చూసే సిస్టర్. టైముతో సహా రాసే మనిషి ఒకరు. బ్లడ్ బ్యాంకుకు, స్కాన్‌కు పరిగెత్తడానికి ఒక ఎం.ఎన్.ఓ. (మగ నర్సింగ్ ఆర్డర్లీ). ఈ చివరి మనిషిని అందరూ మర్చిపోతారు. శాంపిల్ ట్రేలోనే ఇరవై నిమిషాలు ఉండిపోయిందంటే కారణం అదే.

అంతమంది లేరా? ఇద్దరు డాక్టర్లు, ఇద్దరు సిస్టర్లు, ఒక వార్డ్ బాయ్ ఉన్నా చాలు. ఒక డాక్టర్ తలవైపు నిలబడి ఊపిరి చూసుకుంటూనే లీడర్‌గా మాట్లాడతారు, రెండో డాక్టర్ పరీక్ష చేస్తారు. ఎవరి పని ఏదో పేషెంట్ వచ్చేలోపు పైకి చెప్పుకోవాలి. మనసులో అనుకుంటే సరిపోదు.

3. ఫోన్ మోగినప్పుడు, మోగనప్పుడు

ఉమ్మడి రాష్ట్రంలో 108 సర్వీసు 2005 ఆగస్టు 15న మొదలైంది. అందులోని టెక్నీషియన్ దారిలో ఫోన్ చేస్తే మీకు పది, పదిహేను నిమిషాలు ముందే దొరికినట్టు. ఆ ఫోన్ ఎత్తేవాళ్ల దగ్గర ఒక కాగితం అతికించి ఉంచండి: వయసెంత, ఎలా తగిలింది, ఏయే దెబ్బలు కనిపిస్తున్నాయి, నాడి, బీపీ, ఊపిరి, స్పృహ ఎలా ఉన్నాయి, ఇప్పటిదాకా ఏం చేశారు, ఎంతసేపట్లో వస్తారు.

ఎప్పుడు టీమంతా రావాలో కూడా ముందే రాసిపెట్టుకోవాలి. పై బీపీ 90 కంటే తక్కువ, పిలిస్తే సరిగా పలకకపోవడం, ఊపిరి నిమిషానికి 10 లోపు లేదా 29 పైన, బండిలోంచి బయటికి విసిరేసినట్టు పడటం, అదే బండిలో ఇంకొకరు చనిపోవడం, 20 అడుగుల పైనుంచి పడటం, కటి ఎముక (పెల్విస్) గానీ రెండు పెద్ద ఎముకలు గానీ విరగడం, మెడకో ఛాతీకో పొట్టకో లోపలికి దిగిన గాయం. వీటిలో ఏ ఒక్కటున్నా గంట కొట్టాల్సిందే. పదిసార్లు అనవసరంగా కొట్టినా ఫర్వాలేదు. విసుక్కునే సీనియర్లుంటారు, ఉండనివ్వండి.

అయితే మన దగ్గర చాలామంది ఫోన్ లేకుండానే దిగుతారు, ఆటోలోనో, ఎవరిదో కారు డిక్కీ తెరిచో, పాల వ్యాన్‌లోనో. అందుకే మొదటి ట్రైనింగ్ గేటు దగ్గరి సెక్యూరిటీకి ఇవ్వాలి. మనిషిని మెడ వంచి, చంకల్లో చేతులు పెట్టి లాగకూడదు. తల, మెడ, ఒళ్లు ఒకే వరుసలో ఉంచి నలుగురు కలిసి దించాలి. గంట బటన్ ఎక్కడుందో అతనికి తెలియాలి. అతను గంట కొడితే "నీకెందుకు" అని ఎవరూ కసరకూడదు.

4. మొదటి పది నిమిషాలు

తెచ్చినవాళ్లు చెప్పేది వినడానికి ముప్పై సెకన్లు గదంతా నిశ్శబ్దంగా ఉండాలి. ప్రాణం అప్పటికప్పుడు పోయేలా ఉంటే తప్ప ఈ ముప్పై సెకన్లు వదులుకోవద్దు. తర్వాత ఆ సమాచారం ఎవరి దగ్గరా దొరకదు.

ఆపైన వరుస తప్పకూడదు. ఈ వరుస వెనక ఒక తండ్రి కథ ఉంది. 1976లో అమెరికాలోని నెబ్రాస్కాలో జేమ్స్ స్టైనర్ అనే ఎముకల డాక్టర్ సొంత విమానం కూలింది. భార్య అక్కడికక్కడే పోయింది, పిల్లలకు గాయాలు. దగ్గరి ఆసుపత్రిలో తన పిల్లలకు జరిగిన వైద్యం చూసి ఆయనకు కడుపు మండింది. గాయపడ్డవాళ్లను ఏ వరుసలో చూడాలో ఇప్పుడు ప్రపంచమంతా డాక్టర్లకు నేర్పే ఏ.టి.ఎల్.ఎస్. కోర్సు పుట్టింది అక్కడే.

ముందు, బయటికి చిమ్ముతున్న రక్తాన్ని నొక్కి ఆపాలి. ఆగకపోతే కాలికో చేతికో టూర్నికే (రక్తం ఆపే బిగింపు పట్టీ) బిగించి టైము రాయాలి. ఆ తర్వాత ఊపిరి దారి, మెడను కదలనివ్వకుండా. పలకరిస్తే గుక్క తిప్పుకోకుండా జవాబిచ్చాడంటే దారి తెరిచి ఉన్నట్టే. స్పృహ స్కోరు (జీసీఎస్, మొత్తం 15కి) 8 లేదా అంతకన్నా తక్కువైతే గొట్టం వేయడానికి సిద్ధం కావాలి. తర్వాత ఛాతీ. ఒకవైపు ఊపిరి శబ్దం లేదు, బీపీ పడిపోతోంది, మనిషి గాలికి గిలగిలలాడుతున్నాడంటే ఎక్స్‌రే కోసం ఆగొద్దు. లోపల బిగుసుకున్న గాలిని అప్పటికప్పుడు వదిలించి, ఛాతీలో గొట్టం పెట్టాలి. ఆ ఎక్స్‌రే తీసి ఉండకూడదని మాకు పాఠం చెప్పిన సార్ అనేవారు. నిజమే, దాన్ని కనిపెట్టాల్సింది చేతులతో, చెవులతో.

తర్వాత రక్తప్రసరణ, దాని గురించి కింద విడిగా చెబుతాను. ఆ తర్వాత స్పృహ, కనుపాపలు, కాళ్లూ చేతుల కదలిక. చివరగా బట్టలన్నీ కత్తిరించి వెనకా ముందూ చూడటం. చీర, పంచె, బెల్టు, మొలతాడు అడ్డం వస్తే కత్తిరించాల్సిందే. మంగళసూత్రం లాంటివి మాత్రం ఇద్దరు సిస్టర్లు కలిసి తీసి, కవర్లో పెట్టి, లిస్టు రాసి సంతకం చేయాలి. చూడటం అయిన వెంటనే దుప్పటి కప్పి, ఏసీ ఆపేయండి. ఒళ్లు చల్లబడితే రక్తం గడ్డకట్టదు. మే నెల తిరుపతిలో మనిషి చల్లబడటమేంటని నవ్వకండి. రక్తం పోయినవాడికి ఏసీ గదిలో చల్లటి సెలైన్ ఎక్కిస్తే 35 డిగ్రీల కిందికి దిగడానికి ఎంతో సేపు పట్టదు.

5. రక్తం పోతోందంటే

బీపీ మామూలుగా ఉందని నమ్మకండి. ఆరోగ్యంగా ఉన్న కుర్రాడి బీపీ, దాదాపు మూడో వంతు రక్తం పోయేదాకా నిలబడే ఉంటుంది, ఆ తర్వాత ఒక్కసారిగా కూలుతుంది. అంతకుముందే నాడి పరుగెత్తుతుంది, అరచేతులు చల్లబడి చెమట పడతాయి. నాడి అంకె పై బీపీ అంకెను దాటిందంటే గంట మోగినట్టే. మా ట్రాక్టర్ కుర్రాడి నాడి అర్ధరాత్రికే 124, బీపీ 110. నొప్పి వల్ల అనుకున్నాం.

రక్తం పోయే చోట్లు ఐదే: బయట నేల మీద, ఛాతీలో, పొట్టలో, కటిలో, తొడల్లో. ఒక్క తొడ ఎముక విరిగితేనే లీటరు, లీటరున్నర రక్తం అక్కడే చేరగలదు. క్యాజువాలిటీలోనే మంచం పక్కన అల్ట్రాసౌండ్‌తో పొట్ట, గుండె చుట్టూ చూడటం, ఛాతీ ఎక్స్‌రే, కటి ఎక్స్‌రే, ఈ మూడింటితో ఎక్కడ కారుతోందో చాలామటుకు తేలిపోతుంది. మొదటిసారి అల్ట్రాసౌండ్‌లో ఏమీ కనిపించకపోతే మళ్లీ చేయండి. కటి విరిగిందన్న అనుమానముంటే మడతపెట్టిన దుప్పటిని తుంటి కీళ్ల ఎత్తులో చుట్టి బిగించాలి. చాలామంది నడుముకు కడతారు, దానివల్ల లాభం లేదు. కటిని పదేపదే నొక్కి చూడటం కూడా వద్దు.

సెలైన్ బాటిళ్లు వరసగా ఎక్కించే పాత అలవాటు మానాలి. లీటరు దాటకముందే రక్తం మొదలవ్వాలి. ఎర్రకణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు సమానంగా, ఒకటికి ఒకటికి ఒకటి. గ్రూపు తెలిసేదాకా ఓ నెగటివ్, అది దొరక్కపోతే మగవాళ్లకు ఓ పాజిటివ్. రక్తంతో పాటు క్యాల్షియం కూడా చూసుకోవాలి. దెబ్బ తగిలిన మూడు గంటల్లోపు, రక్తం కారడాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ ఒక గ్రాము పది నిమిషాల్లో, ఆపైన మరో గ్రాము ఎనిమిది గంటలపాటు నెమ్మదిగా ఎక్కించాలి. 20 వేలమందికి పైగా పేషెంట్ల మీద జరిగి 2010లో వెలువడిన క్రాష్-2 పరిశోధన తేల్చింది ఇదే. మూడు గంటలు దాటితే మేలుకన్నా కీడే ఎక్కువ. ఆ ఇంజెక్షన్ ఖరీదైనదేమీ కాదు, క్యాజువాలిటీ ట్రాలీలోనే ఉంచుకోండి.

రక్తం ఆగేదాకా పై బీపీ 80, 90 మధ్య ఉన్నా సరిపెట్టుకోవచ్చు. తలకు దెబ్బ ఉన్నవాడికి మాత్రం ఇది వర్తించదు. మెదడుకు రక్తం అందాలి కాబట్టి 110 దగ్గర నిలపాలి.

బ్లడ్ బ్యాంకుతో ముందే ఒప్పందం కావాలి. ఫోన్‌లో ఒక్క మాట, "ట్రామా ప్యాక్" అనండి, మీ ఇష్టం, ఆ మాట వినగానే నాలుగు ఎర్రకణాల బ్యాగులు, నాలుగు ప్లాస్మా కదలాలి. డోనర్‌ను తెచ్చాకే ఇస్తామనే మాట ఈ పేషెంట్ల విషయంలో వినపడకూడదు.

6. స్కానా, థియేటరా

రక్తం ఎక్కిస్తున్నా బీపీ నిలవనివాడిని సీటీకి పంపకూడదు. థియేటరుకే. నిలబడ్డవాడికి తల నుంచి కటి దాకా ఒకేసారి సీటీ తీస్తే దాగున్న గాయాలు దొరుకుతాయి.

థియేటరులోనూ ఆశ తగ్గించుకోవాలి. చల్లబడటం, రక్తంలో ఆమ్లం పెరగడం, గడ్డకట్టకపోవడం, ఈ మూడూ ఒకదాన్నొకటి తోసుకుంటూ మనిషిని తీసుకుపోతాయి. ఆ స్థితిలో నాలుగు గంటల అందమైన ఆపరేషన్ చేస్తే ఆపరేషన్ బతుకుతుంది, మనిషి పోతాడు. రక్తం ఆపు, లోపల గుడ్డ ప్యాడ్లు కుక్కి పెట్టు, పేగు కారుతుంటే మూసెయ్, పొట్ట తెరిచే ఉంచి ఐసీయూకు తీసుకెళ్లు. ఒళ్లు వెచ్చబడి, రక్తం సర్దుకున్నాక ఒకటి రెండు రోజుల్లో మళ్లీ వచ్చి మిగతా పని. విరిగిన తొడకు కూడా అంతే, ముందు బయటి నుంచి రాడ్లతో నిలబెట్టి, అసలు ఆపరేషన్ తర్వాత. ఎముక బయటపడిన గాయానికి గంటలోపు యాంటీబయోటిక్ పడాలి, టీటీ (ధనుర్వాతం ఇంజెక్షన్) మర్చిపోవద్దు.

7. పంపించేయాలా?

న్యూరో సర్జన్ లేడు, రక్తం లేదు, వెంటిలేటర్ ఖాళీ లేదు, అయితే పంపాల్సిందే. ఆ నిర్ణయం మొదటి అరగంటలో జరగాలి. స్కాన్లన్నీ తీసి, సాయంత్రందాకా చూసి అప్పుడు పంపడం కాదు. పలమనేరు, కుప్పం వైపు వాళ్లు, పుత్తూరు, నగరి వైపు వాళ్లు ఎక్కడికి పంపాలో ఒక పటం గీసుకుని గోడకు పెట్టుకోవాలి. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రులు ఉన్నాయి. చిత్తూరు నుంచి తిరుపతి దాదాపు 70 కిలోమీటర్లు, వేలూరు అందులో సగమే. దూరం ఒక్కటే చూడొద్దు. ఆ పూట అక్కడ మంచం ఉందా అని డాక్టర్ డాక్టర్‌తో మాట్లాడాలి. అటెండర్ చేతికి చీటీ ఇచ్చి పంపడం రెఫరల్ కాదు, వదిలించుకోవడం.

బండి ఎక్కేముందు ఛాతీ గొట్టం, ఊపిరి గొట్టం, కటి కట్టు, రెండు పెద్ద కాన్యులాలు అయిపోవాలి. భాకరాపేట ఘాట్ మలుపుల్లో, మొగిలి ఘాట్ మీద, కదులుతున్న అంబులెన్సులో గొట్టం వేయడం ఎవరివల్లా కాదు.

8. పోలీసులు, డబ్బు, బంధువులు

వైద్యం ముందు, కాగితం తర్వాత. 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చి చెప్పింది. ఎం.ఎల్.సి. (పోలీసు కేసుకు సంబంధించిన మెడికో లీగల్ రికార్డు) రాయండి, పోలీసులకు కబురు పంపండి, కానీ వాళ్లొచ్చేదాకా ఆగొద్దు. తీసుకొచ్చిన దారినపోయే మనిషిని కూర్చోబెట్టి ప్రశ్నలు వేయొద్దు. మోటారు వాహనాల చట్టంలోని 134ఎ సెక్షన్ ఆయనకు రక్షణ ఇస్తుంది. రోడ్డు ప్రమాదమైతే 2025లో వచ్చిన కేంద్ర పథకం కింద, ఏడు రోజుల్లోపు 1.5 లక్షల రూపాయల దాకా నగదు లేని వైద్యం ఉంది. రాష్ట్రంలో ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. ఇవన్నీ చూడటానికి రాత్రిపూట కూడా ఒక మనిషి ఉండాలి. లేకపోతే ఆ పని డ్యూటీ సిస్టర్ మీద పడుతుంది.

తిరుపతికి ప్రత్యేకమైన చిక్కొకటి ఉంది. దర్శనం చేసుకుని దిగుతున్న కుటుంబమంతా ఒకే బండిలో ఉంటుంది, అందరికీ దెబ్బలే. భాష మరాఠీయో, కన్నడమో, తమిళమో. మగవాళ్లంతా గుండు, నుదుటిమీద నామం. ఆధార్ ఫొటో పక్కన పెట్టి చూసినా ఎవరు ఎవరో పోల్చుకోలేం. ఒకసారి అన్నదమ్ముల కేస్ షీట్లు తారుమారై, ఒకరి గ్రూపు శాంపిల్ మీద ఇంకొకరి పేరు పడింది. బ్లడ్ బ్యాంకులో టెక్నీషియన్ పట్టుకున్నాడు కాబట్టి బతికిపోయాం. అప్పటినుంచి పేరు తెలిసినా తెలియకపోయినా వచ్చినవెంటనే నంబరు బ్యాండ్ కడతాం. శాంపిల్, స్కాన్, రక్తం అన్నీ ఆ నంబరు మీదే. పేరు తర్వాత చేరుతుంది.

బంధువులతో మాట్లాడేది లీడర్ ఒక్కరే. "ఎట్ల ఉండాడు సార్ మావాడు?" అని అడిగితే న్యూరో ఆయన "తల బాగుంది" అంటాడు, ఎముకలాయన "కాలు సెట్ అయిపోద్ది" అంటాడు. రెండూ నిజమే. పొద్దున మనిషి పోతే బయట అద్దాలు పగులుతాయి, పగలవా మరి?

9. మర్నాడు పొద్దున

24 గంటల్లోపు ఒకరు కూర్చుని, తల నుంచి కాలివేళ్ల దాకా మొత్తం మళ్లీ చూడాలి. రాత్రి హడావిడిలో విరిగిన మణికట్టు, జారిన భుజం, పాదంలో పగిలిన ఎముక తప్పిపోతాయి. పేషెంట్ స్పృహలోకి వచ్చాక ఇంకోసారి చూడాలి. నొప్పి ఎక్కడుందో అప్పుడు తనే చెబుతాడు.

రోజూ పొద్దున ఎనిమిదింటికి మంచం దగ్గరే అన్ని విభాగాల వాళ్లూ పది నిమిషాలు కలవాలి. గంటకు ఒంటి బరువు కిలోకు అర మిల్లీలీటర్ మూత్రం వస్తోందా, విరిగిన కాలు బిగుసుకుపోతోందా, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా మందు ఎప్పుడు మొదలుపెట్టాలి, తిండి ఎప్పుడు, ఫిజియోథెరపీ ఎప్పుడు. ఈ మందు విషయంలో న్యూరో వాళ్లు ఒకటంటారు, ఎముకల వాళ్లు ఇంకొకటంటారు. వాదన అక్కడే జరిగి తేలాలి. కేస్ షీట్‌లో ఉత్తరాలు రాసుకోవడం వద్దు. బయటికి పంపేటప్పుడు తర్వాత ఎక్కడ చూపించుకోవాలో రాసివ్వండి. ఎముకల పనులు, నడక నేర్పడం లాంటి వాటికి టీటీడీ వారి బర్డ్ ఆసుపత్రి ఉండటం మన అదృష్టం.

10. ఒకేసారి చాలామంది వస్తే

2022 మార్చిలో నిశ్చితార్థానికి వెళ్తున్న బస్సు భాకరాపేట ఘాట్‌లో లోయలో పడ్డ రాత్రి ఈ ప్రాంతంలో ఎవరూ మర్చిపోలేదు. అలాంటి రాత్రుల్లో ముందు వచ్చేది నడవగలిగినవాళ్లు, అరవగలిగినవాళ్లు. గదులన్నీ వాళ్లతో నిండిపోతే, చివర్లో కిందినుంచి పైకి తెచ్చినవాడికి మంచముండదు. అందుకే గేటు దగ్గరే ఒక సీనియర్ నిలబడి రంగు బ్యాండ్లు కట్టాలి. ఎరుపు లోపలికి, పసుపు పక్క వార్డుకు, ఆకుపచ్చ ఓపీ హాలుకు, చనిపోయినవాళ్లకు నలుపు. ఆ సీనియర్ ఎవరికీ వైద్యం చేయకూడదు, ఎంత ఏడ్చినా సరే.

నెలకోసారి, చెప్పకుండా, రాత్రి రెండింటికి గంట కొట్టి చూడండి. స్ట్రెచర్ మీద ఎవరైనా వార్డ్ బాయ్‌ను పడుకోబెట్టి గడియారం పట్టుకోండి. లీడర్ ఎన్ని నిమిషాలకు వచ్చారు, అల్ట్రాసౌండ్ మిషన్ గది తాళం ఎవరి దగ్గరుంది, బ్లడ్ బ్యాంకు ఫోన్ ఎన్నో రింగుకు ఎత్తారు. మేం మొదటిసారి చేసినప్పుడు ఆ తాళం డ్యూటీ దిగిపోయిన టెక్నీషియన్‌తో పాటు రేణిగుంట వెళ్లిపోయింది. ఇప్పుడు ఆ గదికి తాళమే లేదు.